తుప్కీ పేలాలంటే

చెప్పులు వరండాలోనే విడిచి రండి. లోపల పిల్లలంతా నేల మీదే కూర్చున్నారు, మీ కాళ్లకు చూస్తే చీలమండల దాకా ఎర్రమట్టి. బస్తర్‌లో జగదల్‌పూర్ ఊరు దాటి సాల్ చెట్లు మొదలయ్యే చోట ఉందీ సర్కారు బడి. తొలివానల కాలం. దారిలో సంతకు పోయే ఆడవాళ్ల బుట్టల్లో బోడా పుట్టగొడుగులు చూశారు కదా, సాల్ చెట్ల కింద మట్టిలోంచి తవ్వి తెచ్చేవి, సరిగ్గా ఆ రోజులు. వేసవి సెలవులు ముగిసి బడి తెరిచి ఎన్నాళ్లో కాలేదు.

ఇది ఎనిమిదో తరగతి గది. బెంచీలన్నీ గోడవారకు జరిపేశారు. మధ్యలో బొటనవేలి లావు వెదుళ్ల మోపు ఒకటి, ఇంకా సన్నటి చువ్వల కట్ట ఒకటి. పక్కనే ఆకుదొప్పలో గుత్తులు గుత్తులుగా పచ్చికాయలు, బఠాణీ గింజల పరిమాణంలో. వీటిని ఇక్కడ పెంగు అంటారు. అడవిలో చెట్లను అల్లుకుని పాకే తీగ కాయలివి. ఆయుర్వేదంలో జ్యోతిష్మతి అనేది ఈ తీగనే. తలుపు పక్కన ఓ పెద్దాయన ఒడిలో కత్తి పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు ఊహ తెలిసినప్పటి నుంచీ వెదురు పనే. పిల్లలు ఆయన్ని కాకా అంటున్నారు. వాళ్లు గురూజీ అని పిలిచే సైన్సు మాస్టారు మాత్రం ఎక్కడో వెనక, కిటికీ దగ్గర నిలబడ్డారు.

బోర్డు మీద హిందీలో ఒకే ఒక్క ప్రశ్న: నీ తుప్కీ ఏం చెయ్యాలి?

తుప్కీ అంటే ఏమిటో మీకు చెప్పాలి. బస్తర్ రాజవంశం ఓరుగల్లు కాకతీయుల కొమ్మ అని చెప్పుకుంటుంది. ఓరుగల్లు కోట 1323లో కూలాక కాకతీయుల ఇంటి అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవుల్లోకి వచ్చాడని కథ. ఆ వంశంలోని పురుషోత్తమ దేవుడు పదిహేనో శతాబ్దంలో పూరీ యాత్ర చేసి, రథపతి అనే బిరుదుతో తిరిగి వచ్చాడట. అప్పటి నుంచి ఇక్కడా జగన్నాథ రథయాత్ర జరుగుతోంది. దాన్ని గోంచా అంటారు. రథం కదిలేటప్పుడు జనం దేవుడికి వందనంగా వెదురు గొట్టాలు పేలుస్తారు. ఆ గొట్టమే తుప్కీ. ఒక చివర పెంగు కాయ దూర్చి, రెండో చివర ఇంకో కాయ పెట్టి, చువ్వతో బలంగా తోస్తే ముందున్న కాయ టప్పున ఎగిరిపోతుంది. జగన్నాథుడికి ఇలా సలాము చేసే ఊరు తమదొక్కటేనని జగదల్‌పూర్ వాళ్ల గర్వం.

ఈ గదిలోని పిల్లల్లో తుప్కీ పట్టుకోనివాళ్లు లేరు. కానీ ఇన్నాళ్లూ ఎవరో చేసిచ్చినది పేల్చారు. ఈసారి వాళ్లే చెయ్యాలి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు ఒక పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వచ్చి, వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో తోటమాలి దగ్గరో పని నేర్చుకోవాలని చెప్పింది. కాగితం మీద ఉన్న ఆ మాటకు ఈ గదిలో కాళ్లొచ్చాయి.

ప్రశ్నకు జవాబులు మొదలయ్యాయి, వినండి. గట్టిగా మోగాలి. దూరం పోవాలి. చెల్లాయి కూడా పేల్చగలగాలి. గోంచా నాడు మొదలుపెడితే, రథాలు తిరిగొచ్చే బాహుడా దాకా, అంటే ఎనిమిది తొమ్మిది రోజులు, పగలకుండా ఉండాలి. ఎవరి కంటికీ తగలకూడదు. ఈ చివరిది గురూజీ చెప్పలేదు, ఓ పిల్ల చెప్పింది. ఆయన అన్నీ రాసి, "ఇవన్నీ ఒకేసారి కుదురుతాయా?" అని మాత్రం అడిగారు. గదిలో కాసేపు చప్పుడు లేదు. గట్టిగా మోగాలంటే కాయ బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే చెల్లాయి చేతికి బలం చాలదు. ఏదో ఒకటి కొంత వదులుకోవాలి. వంతెన కట్టేవాడికైనా విమానం గీసేవాడికైనా మొదటి చిక్కు ఇదే. ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు చదివినా ఈ చిక్కులో చెయ్యి పెట్టకుండా బయటపడేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. ఇక్కడ పన్నెండు పదమూడేళ్ల పిల్లలు పొద్దున్నే అందులో దిగారు.

మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. హిందీ పాఠం చదివేటప్పుడు వెనక వరసలో తల దించుకునే పిల్లలు ఇప్పుడు ఇక్కడి వాడుక భాష హల్బీలో గబగబా మాట్లాడుతున్నారు. కాకాతో వాదిస్తున్నారు కూడా.

పని మొదలైంది. జట్టుకు ఇద్దరు ముగ్గురు. ఒక కుర్రాడు కణుపు పక్కనే కత్తి ఎత్తి ఒక్క వేటు వేశాడు. వెదురు నిలువునా చీలింది. కాకా ఏమీ అనలేదు. తన ముక్కను నేల మీద పెట్టి, కత్తి అంచు ఆనించి, వెదురును దొర్లించాడు. చుట్టూ గీత పడింది. ఇంకో రెండు చుట్లు తిప్పి చిటుక్కున విరిచాడు, అంచు నున్నగా ఉంది. వెదురు నారలన్నీ నిలువుగా ఉంటాయి కాబట్టి వేటు వేస్తే చీలిక అలాగే పరుగెత్తుతుంది. చుట్టూ గాటు పెడితే ముందు నారలు తెగుతాయి. కుర్రాడు ఆ చీలిన ముక్కను బయట పారేయబోతే గురూజీ అడ్డుపడి, కిటికీ గట్టు మీద పెట్టించారు. పక్కన చిన్న కాగితం: "వేటు వేశాం. చీలింది."

ఆ గట్టు మీద ఓ కన్నేసి ఉంచండి.

కణుపుకూ కణుపుకూ మధ్య ముక్క గొట్టం. చువ్వకు పిడిగా ఇంకాస్త లావు వెదురు తునక. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేలోపు అన్ని జట్ల చేతుల్లోనూ తుప్కీ లాంటిదొకటి తయారైంది. వరండాలో బారులు తీరారు. మనుషులెవరూ లేని చివరి గోడ వైపే గురి. దూరం కొలవడానికి వరండా స్తంభాలున్నాయి.

మొదటి తుప్కీ తుస్సుమంది. కాయ వదులు, గాలి పక్కల నుంచి పోయింది. రెండోది ఎంత తోసినా కదల్లేదు, చువ్వ మధ్యలో విల్లులా వంగింది. ఇంకోటి పేలింది గానీ కాయ కాళ్ల ముందే పడింది. ఒకటి బాగా మోగింది, రెండో స్తంభం దాటింది, జట్టంతా ఎగిరి గంతేసింది. మళ్లీ పేల్చబోతే గొట్టంలో ఏమీ లేదు. రెండు కాయలూ ఒకేసారి బయటికి పోయాయి.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ రెండు కాయలు పోయిన జట్టులో ఓ అమ్మాయి ఉంది, రెండు జడలు, మోచేతి దాకా వెదురు పొట్టు. జట్టులో మిగతావాళ్లు మళ్లీ రెండు కాయలు పెట్టి పేల్చుకుంటూ పోయారు. ఈమె కాకా తుప్కీ అడిగి తీసుకుంది. పేల్చింది. ముందు కాయ పోయింది, వెనక కాయ ముందుకొచ్చి మూతి దగ్గర ఆగిపోయింది. ఇంకో కాయ పెట్టి తోసింది, మళ్లీ పేలింది, మళ్లీ ఒకటి మూతి దగ్గర మిగిలింది. ఒక దెబ్బకు తోసిన కాయే తర్వాతి దెబ్బకు ముందు కాయ అవుతోంది. కాకాకు దెబ్బకు ఒక్క కాయ ఖర్చు, వీళ్లకు రెండు. ఆమె రెండు తుప్కీలనూ పక్కపక్కన పడుకోబెట్టింది, గొట్టం ఎంత, చువ్వ ఎంత అని జానతో కొలిచింది, తర్వాత స్కేలుతో. కాకా చువ్వ గొట్టం కంటే ఒక కాయంత పొట్టి. పిడి అక్కడ అడ్డుపడి చువ్వను ఇంక లోపలికి పోనివ్వదు. పిడి పట్టుకోవడానికే అనుకున్నారు అందరూ. అది చువ్వను సరిగ్గా ఆ చోట ఆపడానికి కూడా.

"కాకా, ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా?" అందామె.

"చెబితే నువ్వు కొలిచేదానివా?" అన్నాడాయన.

గురూజీ ఆ మధ్యాహ్నమే బోర్డు దగ్గరికి వచ్చారు. ఎనిమిదో తరగతి సైన్సులో బలం, పీడనం గురించి ఉంది. ఆయన పుస్తకం తెరవలేదు. రెండు కాయల మధ్య ఇరుక్కున్న గాలిని గీశారు. చువ్వ సగం దాకా వెళ్తే ఆ గాలి సగం చోటులో ఇమిడి ఉండాలి. చోటు సగమైతే పీడనం రెట్టింపు. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రం ఇది. బయటి వాతావరణం ఒకటి కాయను వెనక్కి నెడుతుంటే, లోపలి రెండు ముందుకు నెడుతున్నాయి. తేడా ఒక వాతావరణం. గొట్టం బెజ్జం 8 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేయండి, కాయ వీపు మీద దాదాపు అర కిలో బరువు మోపినంత బలం వస్తుంది. కాయ గొట్టం గోడలను పట్టుకున్న పట్టు దీనికంటే తక్కువైతే ముందే జారిపోతుంది, చప్పుడుండదు. ఎక్కువైతే ఇంకా నొక్కాలి. మరీ ఎక్కువైతే చెల్లాయి చేతికి లొంగదు. పొద్దున బోర్డు మీద రాసిన కోరికల మధ్య గొడవంతా ఈ పట్టు దగ్గరే తేలాలి. పిల్లలు బోర్డు వైపు కాదు, తమ చేతిలోని గొట్టం వైపు చూస్తూ విన్నారు. పాఠం ఇలా దక్కడం అరుదు.

మర్నాడు రండి, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. నిన్న బాగా పేలిన తుప్కీలు కొన్ని ఇవాళ పేలడం లేదు. ఒక జట్టు చువ్వ చెక్కింది, ఇంకో జట్టు గొట్టం పొట్టి చేసింది, మూడో జట్టు రెండూ చేసి కూర్చుంది. ఏది మార్చినందువల్ల ఏమైందో ఎవరికీ తెలియదు. గురూజీ నోటుపుస్తకాల్లో గీతలు గీయించారు: గొట్టం పొడవు, బెజ్జం, చువ్వ పొడవు, కాయ, ఏ స్తంభం దాకా పోయింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాయాలి. పిల్లలకు ఇది విసుగు. చేతులు ఆగవు. కానీ ఆ రాతలోంచే ఒకటి బయటపడింది: గొట్టాల కంటే కాయలే ఎక్కువ మారాయి. నిన్న కోసిన కాయ ఇవాళ కొంచెం వాడి సన్నబడింది. అంతే కాదు, ఒకే గుత్తిలో కాయలు కూడా ఒక్క తీరుగా లేవు. పచ్చి వెదురు కూడా ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. కాకా తన వెదురును ముందే కోసి నీడన ఆరబెట్టుకున్నాడు. పిల్లలది నిన్నటి పచ్చి సరుకు.

అడవి ఇచ్చే వస్తువులతో చేసే పనికి ఇదే పెద్ద పరీక్ష. కార్ఖానా గోలీలైతే అన్నీ ఒక్క కొలత. పెంగు కాయ అలా కాదు. కాయను మార్చలేం, మరి ఏం చెయ్యాలి? ఒక్కో కాయనూ స్కేలుతో కొలవడం మొదలుపెట్టారు, పది కాయలకే ఓపిక అయిపోయింది. అప్పుడు రెండు జడల అమ్మాయి జట్టు చేసిన పని చూడండి. ఒక వెదురు బద్ద తీసుకుని కాల్చిన ఇనపకడ్డీతో రెండు బెజ్జాలు చేశారు, ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాస్త చిన్నది. కాయ పెద్ద బెజ్జంలోంచి జారాలి, చిన్న బెజ్జంలోంచి జారకూడదు. రెండూ నెగ్గిన కాయే గొట్టానికి సరిపోతుంది. దొప్పెడు కాయలను చిటికెలో ఏరిపారేశారు. స్కేలు అక్కర్లేదు, అంకె అక్కర్లేదు.

ఆ బద్ద పేరేమిటో వాళ్లకు తెలియదు. యంత్రాల కర్మాగారాల్లో దీన్ని గో, నో-గో గేజ్ అంటారు. ఒకే కొలతలో వేల భాగాలు తయారుకావలసిన చోట్ల వాడే ఉపాయమిది. ఎవరూ చెప్పకుండా, ఒక అవసరం తరుముకొస్తే, బస్తర్‌లో ఒక ఎనిమిదో తరగతి జట్టు దాని దగ్గరికి తనంతట తాను నడిచి వెళ్లింది. గురూజీ ఆ బద్దను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. పేరు సాయంత్రం చెప్పారు, వాళ్లు చేసేశాక. ముందే పేరు చెప్పి బొమ్మ గీయించి ఉంటే ఇంకో పాఠం అయ్యేది, కంఠస్థం చేసేవాళ్లు. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఈ ఆగడమే.

కోరిక తేల్చుకో, ఊహించు, గీసుకో, చెయ్యి, బాగుచెయ్యి అని ఈ పద్ధతిని అయిదు మాటల్లో చిన్నపిల్లల పుస్తకాలకెక్కించినవాళ్లున్నారు. అమెరికాలో బోస్టన్ సైన్సు మ్యూజియం వాళ్లు ప్రాథమిక బడుల కోసం 2003లో మొదలుపెట్టిన పాఠాలు అలాంటివే. మంచి పనే. అయితే గోడకు అంటించిన ఆ చక్రం బొమ్మ చూస్తే పని గుండ్రంగా సాఫీగా తిరుగుతుందనిపిస్తుంది. ఈ గదిలో అలా తిరగలేదు. చెయ్యడం నుంచి కోరిక దగ్గరికి వెనక్కి వెళ్లారు, దూరం పోవాలన్న కోరికను ఒక జట్టు కొట్టేసింది. బాగుచేయబోయి పాడుచేసుకున్నారు. కిటికీ గట్టు నిండిపోయింది: చీలినవి, బిగుసుకుపోయినవి, చువ్వ విరిగినవి. ఒక్కోదాని పక్కన ఒక్కో కాగితం. "ముందు వైపు సన్నగా ఉంది, కాయ ఇరుక్కుంది. తిప్పి పెట్టాం, పేలింది." వెదురు ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నబడుతుందని, ఏ కొస మూతి కావాలో ఆలోచించాలని ఆ రెండు ముక్కల్లో ఉంది.

గోంచా నాడు జగదల్‌పూర్‌లో సిరాసార్ చౌక్ దగ్గర నిలబడండి. మూడు రథాలు, వాన, జనం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తుప్కీలు తెచ్చి అమ్ముతున్నారు, తాటాకులు, రంగు కాగితాలు, మెరుపు పన్నీలు చుట్టినవి. టప్ టప్ మని నాలుగు వైపులా మోత. బడి పిల్లలూ ఉన్నారు గుంపులో. వాళ్ల తుప్కీలకు అలంకారం తక్కువ, పేలడం మాత్రం పేలుతున్నాయి. ఒకడి జేబులోంచి రెండు బెజ్జాల వెదురు బద్ద తొంగిచూస్తోంది. దారిలో కొన్న కాయలు ఏరుకోవాలి కదా.

కాయలు ఏరుకుని వాళ్లు రథం దగ్గరికి పరుగెత్తారు. ఈ ఊళ్లో రథానికీ ఇలాంటి చరిత్రే ఉంది. పురుషోత్తమ దేవుడికి పూరీలో పదహారు చక్రాల రథం దక్కిందని, అందులో నాలుగు చక్రాలు జగన్నాథుడికి ఇచ్చి పన్నెండు చక్రాల రథాన్ని దసరాకు ఉంచాడని చెబుతారు. పన్నెండు చక్రాలతో ఆ రథం వీధుల్లో తిప్పడం కష్టమైంది. తర్వాతి కాలంలో దాన్ని ఎనిమిది చక్రాలదొకటి, నాలుగు చక్రాలదొకటిగా విడదీశారు. ఇప్పటికీ దసరాకు అంతే. చేసి చూశారు, నడవలేదు, మార్చారు. బస్తర్ దసరా డెబ్బై అయిదు రోజుల పండుగ. హరేలీ అమావాస్య నాడు పాట్ జాత్రతో, మొదటి దుంగకు పూజతో మొదలవుతుంది. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ ఊళ్ల పనివాళ్లు ఏటా కొత్త రథం కడతారు. చక్రానికి ఇరుసు బెజ్జం తొలిచే ముందు నార్‌ఫోడ్నీ అని దానికి వేరే పూజ ఉంది. బెజ్జం ఎంత కీలకమో తుప్కీ చేసిన పిల్లలకు ఇప్పుడు చెప్పనక్కర్లేదు. గోంచా అయ్యాక ఎన్నాళ్లో పట్టదు, ఆ దుంగలు ఊళ్లోకి రావడానికి. ఇరుసు పక్కన నిలబడి చూసే హక్కు ఈ పిల్లలు సంపాదించుకున్నారు.

విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరందూల్ పాసింజరు అరకు, కోరాపుట్ మీదుగా మిమ్మల్ని సాయంత్రానికి జగదల్‌పూర్ చేరుస్తుంది. తిరుగు ప్రయాణంలో అరకు లోయ దిగుతున్నప్పుడు కిటికీలోంచి వెదురు పొదలు చూడండి. పాడేరులో ఉంది, రంపచోడవరంలో ఉంది, భద్రాచలం చుట్టూ ఉంది, ఆదిలాబాద్ అడవుల్లో ఉంది. వెదురుకు మనకు కొదవ లేదు. కొదవ వేరే చోట ఉంది. మన జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనల్లో బల్లల మీద కనిపించే నమూనాల్లో ఎన్ని దుకాణంలో కొన్నవో, ఎన్ని నాన్నలు రాత్రి మేలుకుని అతికించినవో మాస్టార్లందరికీ తెలుసు. అవి తళతళలాడతాయి, మొదటిసారే పనిచేస్తాయి, పిల్లవాడు వాటి పక్కన నిలబడి బట్టీ పట్టిన నాలుగు ముక్కలు అప్పజెప్పి బహుమతి తీసుకుంటాడు. దీనివల్ల పిల్లవాడికి జరిగే నష్టం చిన్నది కాదు. తన చేతులతో చేసినది మొదట్లో పనిచెయ్యకపోతే సిగ్గుపడాలని వాడు నేర్చుకుంటున్నాడు.

మాస్టారూ, మీకొక విన్నపం. వచ్చే ప్రదర్శనలో పనిచేసే నమూనా ఒక్కటే బల్ల మీద పెట్టనివ్వకండి. దానికి ముందు చేసి పాడైనవన్నీ, పక్కన ఎందుకు పాడయ్యాయో రాసిన కాగితాలతో సహా, అదే బల్ల మీద వరసగా పెట్టమనండి. సగం మార్కులు వాటికి వేయండి.